కల్లంలో ఖోఖో

“నీళ్ళు... ఎవరన్నా నీళ్ళు ఇవ్వండే.”

హారిక స్కూలు గ్రౌండ్ మధ్యలో గుండ్రంగా తిరుగుతోంది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. ముక్కు కారుతోంది. కళ్ళు కనపడక, వరసలో కూర్చున్న ఒకమ్మాయి మీద ఇప్పుడే పడి లేచింది. మోకాలి నిండా మట్టి.

శ్యామలాంబ మేడం విజిల్ ఊది ఆట ఆపారు. ఆమె ఆ హైస్కూల్లో ఆటలు నేర్పే టీచరు.

“ఏమైంది హారికా?”

“కళ్ళు మేడం. మండిపోతున్నాయి.”

నస్రత్ నీళ్ళ బాటిల్‌తో పరిగెత్తుకొచ్చింది. నస్రత్, హారిక ఏడో తరగతిలో ఒకే బెంచీ. ఇళ్ళు కూడా పక్క పక్క వీధుల్లోనే. హారిక ముఖం మీద నీళ్ళు కొడుతూ, ఆమె చేతిలో ఉన్న కర్చీఫ్ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే పెద్దగా తుమ్మింది.

“ఒసే, ఇది పొద్దున కల్లంలో కట్టుకున్నదేనా?”

హారిక తల ఊపింది. కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగేసేటప్పుడు ఘాటు తగలకుండా ముక్కుకు కట్టుకున్న కర్చీఫ్ అది. బడికి ఆలస్యమవుతోందని విప్పి జేబులో కుక్కుకుంది. ఇప్పుడు దాంతోనే చెమట తుడుచుకుంది.

అమ్మాయిలకు నవ్వాగలేదు. “మిరపకాయల ఊళ్ళో పుట్టి ఈ పని చేసినదానివి నువ్వొక్కదానివేనే” అంది ఒకతి.

ఆ రోజు ఖోఖో జట్టుకు సెలెక్షన్లు. వచ్చే నెల సత్తెనపల్లిలో పోటీలున్నాయి. చుట్టుపక్కల బడులన్నీ వస్తాయి. సాయంత్రం మేడం పేర్లు చదివారు. నస్రత్ పేరుంది. హారిక పేరు లేదు.

పోయినేడు హారిక ఆ జట్టులో ఉంది. ఆకుపచ్చ జెర్సీ ఇంకా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. ఈ ఏడు దాన్ని తిరిగి ఇచ్చేయాలి.

* * *

హారిక వాళ్ళింట్లో ఈ ఏడు మాటలు తగ్గిపోయాయి.

మిరప చేనుకు నల్ల తామర పురుగు పట్టింది. కంటికి ఆననంత చిన్న పురుగు. పూతలో దూరి తినేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. మిగిలిన కాయ కోద్దామనుకునేసరికి ముసురు పట్టింది. చివరికి కల్లంలోకి వచ్చింది సగం పంట కూడా లేదు. నాన్న కోటేష్ ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోసే పనిలో చేరాడు. కల్లం పని అమ్మ, నాయనమ్మ, హారిక చూసుకుంటున్నారు. పొద్దున కాయలు పరిచి తిరగేయాలి. సాయంత్రం మంచు పడకముందే కుప్పలు చేసి పట్టాలు కప్పాలి.

కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చిన హారికను చూసి అమ్మ కొబ్బరినూనె తెచ్చింది. రాత్రి నాన్న తల నిమిరాడు.

“పోన్లే అమ్మా. మనకు ఈ ఏడు ఏదీ కలిసి రావట్లేదు.”

ఆ మాట హారికకు చల్లగా తగిలింది. అవును కదా, నా తప్పేముంది అనుకుంది.

మర్నాటి నుంచి కనపడిన వాళ్ళందరికీ ఆ కథ చెప్పింది. పాలు పోయడానికి వచ్చినావిడకు చెప్పింది. బడి పక్కన బజ్జీలమ్మే ఇమాం హుస్సేన్ మామకు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త పెరిగింది. మొదట కళ్ళు మండాయి. తర్వాత ఏమీ కనపడలేదు. ఆ తర్వాత, అసలు ఆ కర్చీఫ్ లేకపోతే జట్టులో మొదటి పేరు తనదే. విన్నవాళ్ళందరూ “అయ్యో పాపం” అన్నారు. ఇమాం హుస్సేన్ మామ అయితే ఒక బజ్జీ ఎక్కువ ఇచ్చాడు.

అయ్యో పాపం అనిపించుకోవడం కూడా బజ్జీ లాంటిదే. ఒకటి తింటే ఇంకోటి తినాలనిపిస్తుంది.

శుక్రవారం లెక్కల పేపర్లు ఇచ్చారు. హారికకు సగం మార్కులు కూడా రాలేదు.

“ఏంటమ్మా ఇది?” అన్నారు లెక్కల సారు.

“ఇంట్లో మిరపకాయల పని సార్. పంట కూడా పోయింది.”

సారు తల ఊపారు. పేపరు చేతిలో పెట్టి, “సరే, కూర్చో” అన్నారు.

హారిక కూర్చుంది. పక్కనున్న నస్రత్ ఆమె వైపు ఒక చూపు చూసి, తల తిప్పుకుంది.

* * *

ఇంటికి వెళ్ళే దారిలో నస్రత్ నోరు విప్పింది.

“ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోకూడదు.”

“చెప్పు.”

“సెలెక్షన్లో మేడం మనకు తలా రెండు ఛాన్సులు ఇచ్చారు.”

“అయితే?”

“నువ్వు కళ్ళు తుడుచుకుంది రెండోసారి పరిగెత్తేముందు. మొదటిసారి నీ కళ్ళు బాగానే ఉన్నాయి. అప్పుడు కూడా లేచిన రెండో పిల్లకే దొరికిపోయావు.”

హారిక నిలబడిపోయింది. “ప్రాక్టీసుకు నాకు టైమెక్కడిదే? నీకేం, మీకు కల్లం లేదు.”

“లేదు. అందుకే మా అమ్మ ఇంకొకళ్ళ కల్లంలో తొడిమలు తీయడానికి పోద్ది. అమ్మ వచ్చేదాకా మా తమ్ముడు గౌస్ బాషా నా ప్రాణం తీస్తాడు. వాడికి దొరక్కుండా మంచం చుట్టూ తిరుగుతా. అదే నా ప్రాక్టీసు. వాడికి దొరికితే జుట్టు పీకుతాడు.”

ఇంకో రోజైతే హారిక పడీ పడీ నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు.

“మా బాధ నీకేం తెలుసు? నాతో మాట్లాడకు” అని గబగబా ముందుకు నడిచింది.

నస్రత్ వెనక నుంచి పిలవలేదు. అది ఇంకా కోపం తెప్పించింది.

ఆ కోపంతోనే కల్లానికి వెళ్ళింది. చెక్క పట్టుకుని మిరపకాయలు లాగి లాగి కుప్పలు చేసింది. అమ్మతో కలిసి వాటి మీద పట్టాలు కప్పింది. అమ్మ వంటకని ఇంటికి వెళ్ళింది. హారిక ఒక రాయి మీద కూర్చుంది.

ఎదురుగా కుప్పలు వరసగా ఉన్నాయి. పట్టాలు కప్పుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఆడపిల్లల్లా ఉన్నాయి. అచ్చం ఖోఖో వరస.

వద్దనుకున్నా సెలెక్షన్ రోజు గుర్తొచ్చింది. మొదటి ఛాన్సు. విజిల్ వేయగానే ఏమనుకుంది తను? ‘నెల నుంచి ఆడలేదు, ఎలాగూ దొరికిపోతాను’ అనుకుంది. కాళ్ళు సగం బలంతోనే కదిలాయి. వెనక నుంచి చెయ్యి తగిలింది. తగలగానే, అమ్మయ్య అయిపోయింది అనిపించింది కూడా.

అప్పటికి కర్చీఫ్ ఇంకా జేబులోనే ఉంది.

హారికకు ముఖం వేడెక్కింది. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు. నస్రత్‌కు ఎలా తెలిసిందో మరి. పక్కనే నిలబడి చూసింది కదా, తెలియకేం.

హారిక చేతుల దుమ్ము దులుపుకుంది. తర్వాత లేచి, లంగా పైకి దోపి, మొదటి కుప్ప పక్కన నిలబడింది. ఒక కుప్పకు కుడి పక్క నుంచి, తర్వాతి కుప్పకు ఎడమ పక్క నుంచి పాములా మెలికలు తిరుగుతూ పరిగెత్తింది. నాలుగో కుప్ప దగ్గర కాలు జారింది. సగం కుప్ప పట్టాతో సహా కల్లం మీద పరుచుకుంది.

“ఎవరే అది?” అంది నాయనమ్మ వెంకటరావమ్మ కల్లం పక్కనున్న పాక లోంచి వస్తూ. “ఏందే ఆ గంతులు? కాయ తొక్కితే చిట్లిద్ది. గింజ రాలిన కాయను ఎవడు కొంటాడే? అసలే వచ్చింది గుప్పెడు.”

“తొక్కను నాయనమ్మా.”

“తొక్కి తొక్కనంటావేందే.”

పడిన కాయలన్నీ ఒక్కొక్కటిగా ఏరించింది నాయనమ్మ. ఏరేసరికి నడుము పట్టుకుపోయింది. అయినా హారిక లేచి, “ఇంకొక్కసారి” అంది.

* * *

మర్నాడు బడి వదలగానే హారిక నేరుగా కల్లానికి వచ్చింది. పొద్దు ఉండగానే కుప్పలు అయిపోతే పరిగెత్తడానికి వెలుగు మిగులుతుంది. అందుకని ఎవరూ అడగకుండానే చెక్క అందుకుంది.

“ఏందమ్మో, పొద్దు ఎటు పొడిచింది ఇయ్యాళ?” అంది అమ్మ.

హారిక కుప్పలన్నీ తాడు పట్టినట్టు వరసలో పోసింది. మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు వదిలింది. వేగంగా పరిగెత్తితే కుప్ప తగులుతుంది. నెమ్మదిగా పరిగెత్తితే ఎందుకూ పనికిరాదు. కుప్పకు తగలకుండా వేగంగా వెళ్ళాలంటే ఒళ్ళు ఒంపాలి, పాదం పక్కకు తిప్పి వేయాలి. తగిలిన ప్రతిసారీ ఏరుడు తప్పదు. కాయలు ఏరడం కన్నా కాళ్ళను అదుపులో పెట్టుకోవడమే సుఖమని హారికకు తొందరగానే అర్థమైంది.

రాత్రి అన్నం తిన్నాక లెక్కల పుస్తకం కూడా తీసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సోమవారం ఆటల పీరియడ్‌లో శ్యామలాంబ మేడం దగ్గరికి వెళ్ళింది. జెర్సీ మడిచి చేతిలో పట్టుకుంది.

“తిరిగి ఇవ్వడానికి తెచ్చావా?” అన్నారు మేడం.

“అవును మేడం. ఇంకో మాట కూడా. నేను కళ్ళు మండి అవుట్ కాలేదు. అంటే, రెండోసారి అందుకే. మొదటిసారి మాత్రం సరిగ్గా పరిగెత్తలేదు. ఎలాగూ దొరుకుతానని ముందే అనుకున్నా.”

మేడం ఆమె ముఖంలోకి చూశారు. “ఇది నాకెందుకు చెప్తున్నావు? నాకు అప్పుడే తెలుసు.”

హారిక నాలుక కరుచుకుంది. ‘అందరికీ తెలుసన్నమాట.’

“పేర్లు పంపడానికి ఇంకా టైముందని విన్నాను మేడం. పంపేముందు నన్ను ఇంకోసారి చూడండి. అప్పటికీ బాగా లేకపోతే అందరికీ నీళ్ళ బాటిళ్ళు మోస్తా.”

“సాయంత్రం ప్రాక్టీసుకు రాగలవా?”

“రాలేను మేడం. కల్లం పని ఉంది. అక్కడే చేసుకుంటా.”

మేడం జెర్సీ తీసుకోలేదు. “అప్పటిదాకా నీ దగ్గరే ఉంచు” అన్నారు.

బెంచీ దగ్గరికి వచ్చి హారిక చాలాసేపు పెన్సిల్ చెక్కింది. చివరికి నస్రత్ వైపు చూడకుండానే అంది.

“కల్లంలో ఒక్కదాన్నే పరిగెత్తితే తరిమేవాళ్ళు లేరు.”

“నాతో మాట్లాడకు అన్నావుగా.”

“అన్నాను. ఇప్పుడు నేనే మాట్లాడుతున్నా. నువ్వు చెప్పింది నిజమే.”

నస్రత్ ముఖం ముడుచుకునే ఉంది కానీ పెదవి చివర కదిలింది. “మా తమ్ముడు కూడా వస్తాడు. వాడు మిరపకాయ నోట్లో పెట్టుకుంటే పూచీ నీదే.”

* * *

ఆ సాయంత్రం నుంచి కల్లం నిండా సందడి. గౌస్ బాషాను నాయనమ్మ ఒళ్ళో కూర్చోబెట్టారు. నస్రత్ కూడా కుప్పలు చేయడంలో చెయ్యి వేసింది. ఇద్దరూ కలిస్తే పని ఇట్టే అయిపోయేది. తర్వాత నస్రత్ తరిమేది, హారిక కుప్పల మధ్య తప్పించుకునేది.

ఒకరోజు నాన్న పని నుంచి తొందరగా వచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని కాసేపు చూశాడు.

“కుప్పలు లేచి తరమవు కదే. అదేం ఖోఖో?” అన్నాడు.

“అయితే నువ్వు కూర్చో నాన్నా.”

ఏదో మాటకు అంది హారిక. నాన్న నిజంగానే వచ్చి రెండు కుప్పల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నస్రత్ పరిగెత్తుకొచ్చి ఆయన వీపు తట్టి “ఖో” అంది. నాన్న లేవబోయాడు. పొద్దంతా బస్తాలు మోసిన నడుము ససేమిరా అంది. సగం లేచి, అలాగే వెనక్కి కుప్ప మీద కూలబడ్డాడు. మిరపకాయలు జలజలా రాలాయి.

నాయనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “చేలో కాపు లేకపోతే ఏం, కల్లంలో ఇంత లావు కాయ కాసింది.”

అమ్మ నవ్వింది. నాన్న లేవలేక నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా గౌస్ బాషా చప్పట్లు కొట్టాడు. హారిక పరుగు ఆపి నాన్ననే చూస్తూ ఉండిపోయింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

“కాయలు ఏరాలి నాన్నా” అంది. “ఇక్కడ రూలు అదే.”

పేర్లు పంపే ముందురోజు మేడం హారికను మళ్ళీ పరిగెత్తించారు. కూర్చున్న అమ్మాయిల మధ్య హారిక అటూ ఇటూ జారిపోతూ ఉంటే, తరిమేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. మేడం విజిల్ ఊదడం మర్చిపోయి, చాలాసేపటికి గుర్తు తెచ్చుకుని ఊదారు.

జెర్సీ తిరిగి ఇవ్వాల్సిన పని పడలేదు.

* * *

సత్తెనపల్లి గ్రౌండ్ నిండా జనం. హారిక నాన్న కూడా పని మానుకుని వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఫైనల్ మ్యాచ్. అవతలి జట్టు పిల్లలు వీళ్ళకన్నా జానెడు పొడుగున్నారు. అందరికీ ఒకే రంగు బూట్లు. వీళ్ళలో సగం మంది ఉత్త కాళ్ళతో ఉన్నారు.

సగం ఆట అయ్యేసరికి వీళ్ళు వెనకబడ్డారు. హారిక తన వంతులో నిమిషం కూడా నిలవలేదు. వరస చివర పాతిన పోల్ దగ్గర దొరికిపోయింది.

విరామంలో అమ్మాయిలు చుట్టూ చేరారు.

“వాళ్ళకు రోజూ కోచ్ నేర్పుతాడంట. మనమెక్కడ?” అంది ఒకమ్మాయి.

“పోల్ దగ్గర గుంట కూడా ఉంది. పాపం హారిక అందుకే దొరికింది” అంది ఇంకొకతి.

పాపం అన్న మాట వినగానే హారిక నోరు తెరిచింది. అవునే, గుంట ఉంది అందామనుకుంది. గుంట నిజంగానే ఉంది. అడిగితే చూపించవచ్చు కూడా.

నోరు మూసుకుంది. నస్రత్‌ను చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

“నువ్వు చెప్పు. ఏం తప్పు చేశా?”

నస్రత్ నీళ్ళు గుటక వేసి, “చెప్పనా?” అంది.

“చెప్పమనేగా అడిగేది.”

“పోల్ చుట్టూ తిరిగేటప్పుడు వెనక్కి చూస్తున్నావు. తల తిప్పగానే కాలు నెమ్మదిస్తోంది. అక్కడే పట్టేశారు. మన కల్లంలో పోల్ లేదు కదా, అందుకే ఇన్నాళ్ళూ కనపడలేదు.”

హారిక చుట్టూ చూసింది. గ్రౌండ్ అంచున ఒక కరెంటు స్తంభం ఉంది. మిగతా పిల్లలు బిస్కెట్లు తింటుంటే ఇద్దరూ దాని దగ్గరికి పరిగెత్తారు. హారిక స్తంభం చుట్టూ తిరిగింది.

“చూశావు” అంది నస్రత్.

మళ్ళీ తిరిగింది.

“ఇప్పుడూ చూశావు.”

“చూడకపోతే నువ్వెక్కడున్నావో ఎలా తెలుస్తుందే?”

“నా కాళ్ళ చప్పుడు వినపడట్లా?”

హారిక మెడ బిగించి, ముందుకే చూస్తూ తిరిగింది. వెనక టపటపా అడుగులు. కుడి నుంచి వస్తున్నాయి, ఇప్పుడు ఎడమకు మారాయి. నిజమే, చూడక్కర్లేదు. మేడం విజిల్ ఊది పిలిచేదాకా తిరుగుతూనే ఉంది. బిస్కెట్లు అయిపోయాయి.

రెండో సగంలో వీళ్ళు కసిగా ఆడారు. నస్రత్ తరుముతూ తరుముతూ గాల్లోకి ఎగిరి పడి మరీ ఒకతిని పట్టింది. వీళ్ళు తరిమే వంతు అయ్యేసరికి ముందుకు వచ్చారు. ఇక అవతలివాళ్ళు తరమాలి, వీళ్ళు తప్పించుకోవాలి.

అవతలివాళ్ళు ఊరికే కూర్చోలేదు. ఒక్కొక్కరినీ అవుట్ చేస్తూ వచ్చారు. నస్రత్ కూడా దొరికిపోయింది. ముగ్గురు ముగ్గురుగా దిగే ఆటలో చివరి ముగ్గురు దిగారు, హారికతో సహా. ముందు ఒకరు పోయారు, వెంటనే ఇంకొకరు. ఒక్క పాయింటే తేడా మిగిలింది. గ్రౌండ్‌లో మిగిలింది హారిక ఒక్కతే. ఇంకా నిమిషమున్నర ఆట ఉంది. ఆమె దొరికితే స్కోర్లు సమానం.

“ఖో” అని వినపడింది. పొడుగు పిల్ల లేచింది. హారిక ఒళ్ళు ఒంపి రెండో సందులోంచి జారింది. “ఖో.” ఇంకొకతి. కుడి, ఎడమ, కుడి. ఎవరికీ తగలకుండా, ఎక్కడా ఆగకుండా. గట్టు మీద నాన్న ఉండబట్టలేక తను కూడా “ఖో” అని అరిచాడు. అవతలి జట్టు పిల్ల ఒకతి తికమకపడి సగం లేచింది. అంపైర్ నాన్నకు వేలు చూపించాడు. నాన్న రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

హారికకు ఇవేవీ తెలియవు. పోల్ వచ్చింది. గుంట అక్కడే ఉంది. దాన్ని దాటి కాలు వేసింది. వెనక బూట్ల చప్పుడు. దగ్గరగా. ఇంకా దగ్గరగా. మెడ వెనక్కి తిరుగుతానంటోంది. తిరగనివ్వలేదు. చప్పుడు ఎడమకు వచ్చిందని వినగానే కుడికి మళ్ళింది. వీపు వెనక ఒక చెయ్యి గాలిని కోసింది. ఎవరో నేల మీద పడిన శబ్దం.

మళ్ళీ వరస. మళ్ళీ పోల్. మళ్ళీ వరస. ఊపిరి గొంతులో గీరుతోంది. అరికాళ్ళు కాలుతున్నాయి. చప్పుడు మాత్రం స్పష్టంగా వినపడుతోంది.

పొడుగ్గా విజిల్ మోగింది. హారిక ఇంకో చుట్టు తిరిగింది.

“ఆగవే, అయిపోయింది” అంటూ నస్రత్ వచ్చి నడుము పట్టేసుకుంది. “గెలిచాం. ఆగు.”

జట్టంతా వచ్చి మీద పడింది. మేడం కళ్ళజోడు ఎక్కడో పడిపోయింది. గట్టు మీద నాన్న తువ్వాలు గాల్లో తిప్పుతూ గెంతుతున్నాడు, నడుము నొప్పి ఏమైందో ఏమో.

హారిక మాత్రం రొప్పుతూ, నస్రత్ భుజాలు రెండూ పట్టుకుని అడిగింది.

“చూశానా?”

“ఏంటి?”

“పోల్ దగ్గర. వెనక్కి చూశానా?”

నస్రత్ నవ్వింది. “ఒక్కసారి కూడా చూళ్ళేదు.”

అప్పుడు ఎగిరింది హారిక. రెండు చేతులూ పైకెత్తి, ఆ పొడుగు పిల్లల తలలు దాటేంత ఎత్తుకు.